నాన్న అని రాసిన గడి

తోటి పనివాళ్లు అతన్ని డేగ అని పిలిచేవాళ్లు. కెమెరాలు బిగించే పనిలో అంత చూపున్నవాడు ఇంకొకడు లేడని వాళ్ల ఉద్దేశం. గోడకి నిచ్చెన వేయకముందే, ఏ మూల నుంచి ఏది కనపడుతుందో, ఏ స్తంభం ఎక్కడ అడ్డొస్తుందో కింద నిలబడి చెప్పేసేవాడు. ఆ పేరు అతనికి నచ్చింది. నచ్చి ఊరుకుంటే బాగుండేది, తలకి కూడా ఎక్కింది.

తండ్రికి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయాక, ఇంట్లో చూసుకునే మనిషి లేక, అతనూ చెల్లెలూ కలిసి ఆయన్ని ముసలి రోగుల్ని ఉంచుకునే ఒక సంరక్షణ కేంద్రంలో చేర్చారు. పొడుగాటి హాలు, రెండు వరసల మంచాలు, తలుపు దగ్గర నర్సుల బల్ల. చెల్లెలు అదే ఊళ్లో బట్టలు కుడుతుంది కాబట్టి రోజూ సాయంత్రం వెళ్లి కాసేపు కూర్చుని వచ్చేది. అన్నయ్యది ఊళ్లు పట్టుకు తిరిగే ఉద్యోగం. అతనికి కుదిరితే నెలకోసారి, కుదరకపోతే అదీ లేదు.

ఆ హాల్లో కెమెరా పెట్టింది కూడా అతనే. మా నాన్న తిన్నాడా, మా అమ్మ పడుకుందా అని బంధువులు ఫోన్లు చేసి ప్రాణం తోడేస్తుంటే విసిగిపోయిన పెద్ద నర్సు, ఎవరి మనిషిని వాళ్లు ఫోన్లోనే చూసుకునే ఏర్పాటేదైనా చెయ్యి బాబూ అని అడిగింది. మంచానికో కెమెరా ఎందుకండీ అన్నాడు. కప్పు మధ్యలో ఒక్కటి బిగించి, దాని బొమ్మని గడులు గడులుగా విడగొట్టాడు. పనిలో దాన్ని వ్యూ ఏరియా అంటారు, అతను మాత్రం గడి అనేవాడు. కెమెరా ఒకటే, చూసేది హాలంతా. కానీ ఒక్కో గడీ ఒక్కో కెమెరాలాగా విడిగా బయటికి పోతుంది. ఒకరి తండ్రి ఇంకొకరి కంట పడడు. ప్రతి గడికీ ఒక పేరు పెట్టి, దాని పాస్‌వర్డు ఆ ఇంటివాళ్లకే ఇచ్చాడు. కిటికీ వైపు మూడో మంచం చుట్టూ గీసిన గడికి నాన్న అని రాసుకున్నాడు.

తలుపు పక్క మూల ఒకటి మిగిలింది. అక్కడ మంచం లేదు. ఆడరోగులకి ఒళ్లు తుడిచేదీ బట్టలు మార్చేదీ అక్కడే. చుట్టూ తెర ఉన్నా పైనుంచి కనపడుతుంది కదా అని నర్సులు నసిగితే, ఆ మూల మీద నల్లటి పట్టీ వేశాడు. ఆ పట్టీ పడ్డాక అక్కడ ఏం జరిగినా కెమెరాకి పట్టదు, రికార్డులో కూడా నలుపే ఉంటుంది. ఎవడైనా బయటినుంచి దాన్ని తీసేస్తాడేమోనని, కేంద్రం ఆఫీసులో ఉన్న కంప్యూటర్‌లో తప్ప ఎక్కడినుంచీ ఏ మార్పూ చేయడానికి వీల్లేకుండా బిగించేశాడు. తను కూడా చేయలేడు. పెద్ద నర్సు మెచ్చుకుంది. నిజానికి మెచ్చుకోదగ్గ పనే.

కెమెరా పెట్టిన కొత్తలో ఒకసారి చెల్లెలు ఏడుస్తూ ఫోన్ చేస్తే, చేతిలో పని చేతిలోనే వదిలేసి, బస్సులో నిలబడి ఊరు చేరాడు. వచ్చేసరికి నాన్న దిండుకి ఆనుకుని పాలల్లో బిస్కెట్టు ముంచుకుని తింటున్నాడు. పైగా ఎందుకొచ్చావురా అని అడిగాడు. ఆనాటినుంచి అతని దగ్గర చెల్లెలి కన్నీళ్లకి విలువ తగ్గింది, ఫోన్లోని గడికి విలువ పెరిగింది.

ఈసారి అతను ఒక పెద్ద గిడ్డంగిలో పని ఒప్పుకున్నాడు. సాయంత్రమైతే ఊపిరి సలపనివ్వరు, గడి తెరిచి చూసేది మధ్యాహ్నం అన్నం తినేటప్పుడే. నాన్నకి ఆయాసం ఎక్కువైందనీ, డాక్టరు పెదవి విరిచాడనీ, ఒకసారి వచ్చి వెళ్లమనీ చెల్లెలు చెప్పింది. అతను గడి తెరిచాడు. నాన్న మెడదాకా దుప్పటి కప్పుకుని పక్కకి తిరిగి పడుకున్నాడు. నర్సు వచ్చి లేపి కూర్చోబెట్టి చెంచాతో పాలు పడితే అన్నీ తాగాడు. మూతి తుడిస్తే తల ఊపాడు. ఇతనికి కడుపు నిండిపోయింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఒకనాడైతే కుడిచేత్తో దుప్పటి తనే సర్దుకున్నాడు. పడిపోయిన చెయ్యి ఇన్నాళ్లకి ఉన్నట్టుండి ఎలా కదిలిందని ఒక్కసారి అనుమానపడి ఉంటే సరిపోయేది. కొడుక్కి ఆ ధ్యాసే లేదు, చెయ్యి తిరిగి వస్తోందని పొంగిపోయి పక్కవాడికి కూడా చూపించాడు.

పైనుంచి చూస్తే ముసలివాళ్లంతా ఒక్కలాగే ఉంటారు. నెరిసిన నెత్తి, ఒకే రంగు దుప్పటి. ఆయాసం ముదిరాక నాన్నని మంచంతో సహా తలుపు పక్క మూలకి తోశారు, ఆక్సిజన్ గొట్టం ఉన్నది అక్కడి గోడకే. మూడో మంచం జాగాలోకి ఇంకొకాయన మంచం జరిగింది. గడి చోటుని చూస్తుంది కానీ మనిషిని చూడదని తెలిసినవాడు ఆ వ్యవహారంలో ఒక్కడే, అతనికి ఈ మార్పు ఎవరూ చెప్పలేదు. నాన్న అని రాసి ఉంది కాబట్టి నాన్న ఎక్కడుంటే అక్కడ కనపడతాడని నర్సులు అనుకున్నారు, నల్ల పట్టీ సంగతి వాళ్లకి తట్టనేలేదు. చెల్లెలూ అదే అనుకుంది.

అందుకే ఇద్దరూ ఒకే మాట చెరో చివర పట్టుకుని పోట్లాడుకున్నారు.

"చూస్తున్నావుగా అన్నయ్యా, ఎలా ఉన్నాడో నీకు తెలియట్లేదా?"

"చూస్తున్నాను కాబట్టే చెప్తున్నానే. నీకు కంగారెక్కువ. పని అప్పజెప్పి వస్తాను."

పెద్ద నర్సు ఫోన్ చేసినా అదే జవాబు. చూస్తూనే ఉన్నానండీ అని మర్యాదగా పెట్టేశాడు. ఆవిడ ముప్పై ఏళ్లుగా రోగుల్ని చూస్తున్న మనిషి. ఆవిడ మాటని పెడచెవిన పెట్టడానికి అతనికి అరచేతిలో పట్టేంత బొమ్మ చాలింది.

మర్నాడు మధ్యాహ్నం అతను అన్నం డబ్బా ముందు కూర్చుని గడి చూస్తుండగా మళ్లీ చెల్లెలి ఫోన్. ఈసారి ఏడవలేదు, గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"నాన్న పక్కనే ఉన్నాను. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఇంక ఎంతోసేపు లేదంటున్నారు."

అతను గడిలోకి చూశాడు. నాన్న పడుకుని ఉన్నాడు. పక్కన కుర్చీ లేదు, మనిషి లేదు, చెయ్యి పట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు.

"ఎక్కడ కూర్చున్నావే?" అని అడిగాడు. తలుపు పక్కన, ఆక్సిజన్ దగ్గర అంది. ఎప్పుడు మార్చారని అడిగితే, నాలుగైదు రోజులైందిగా, నువ్వు చూడలేదా అంది.

బిగించినవాడిగా తన ఒక్కడి దగ్గరే ఉన్న, హాలంతా కనపడే బొమ్మ తెరిచాడు. రెండు వరసల మంచాలు, నర్సుల బల్ల, తలుపు, తలుపు పక్కన నల్లటి పట్టీ. ఆ నలుపు అంచు దాటి ఒక ఆడమనిషి చెప్పు, కుర్చీ కాలు కనపడుతున్నాయి. మిగతాదంతా అతను చేతులారా పూసిన నలుపే. పట్టీ తీయబోయాడు. అనుమతి లేదు అంది తెర. మళ్లీ నొక్కాడు, మళ్లీ అదే. ఎవరూ తీయలేనంత గట్టిగా బిగించిన మొనగాడు తనే.

ఇంతలో చెల్లెలు అంది: "కళ్లు తెరిచాడు. పైకే చూస్తున్నాడు. నీ కెమెరా వైపే. రోజూ అంతే అన్నయ్యా, వాడు చూస్తున్నాడే అంటూ చెయ్యెత్తుతాడు. ఇదిగో, ఇప్పుడు కూడా ఎత్తాడు. కనపడుతున్నాడా అని సైగ చేస్తున్నాడు. ఏం చెప్పను?"

అతను నలుపు మీంచి చూపు తిప్పలేకపోయాడు.

"చెప్పు అన్నయ్యా, కనపడుతున్నాడా?"

"కనపడుతున్నాడు" అన్నాడు.

ఆమె ఆ మాట నాన్న చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పడం ఫోన్లో వినపడింది. రెండుసార్లు చెప్పింది.

అన్నం డబ్బా అక్కడే వదిలి బస్సెక్కాడు. సగం దారిలో ఉండగానే కబురు వచ్చింది. బస్సులో అందరిముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, పక్క సీటాయన మంచినీళ్ల సీసా ఇచ్చి తల తిప్పుకున్నాడు.

అంతా అయిపోయాక, పలకరించడానికి వచ్చిన వాళ్లందరితో చెల్లెలు ఒకటే చెప్పింది. అన్నయ్య రాలేకపోయినా ఆఖరిదాకా చూస్తూనే ఉన్నాడు, ఆ సంగతి తెలిసే నాన్న నెమ్మదిగా వెళ్లిపోయాడు అని. వాళ్లు అతని భుజం తట్టి వెళ్లారు. అతను కాదనలేదు.

నాన్న సామాను తెచ్చుకోవడానికి ఇద్దరూ కేంద్రానికి వెళ్లారు. మూడో మంచం జాగాలో ఉన్న ముసలాయన మెలకువగా ఉన్నాడు. ఆయన ఎటు తిరిగి పడుకుంటాడో, పాలు ఎన్ని గుక్కల్లో తాగుతాడో అతనికి తెలుసు. ఆయన మాత్రం ఎవరు బాబూ నువ్వు అని అడిగాడు. అతనికి ఆయన మీద కోపం వచ్చింది, వెంటనే సిగ్గు వేసింది.

బయట వరండాలో చెల్లెలు ఆగింది. చేతిలో నాన్న బట్టల సంచీ.

"అన్నయ్యా, అది రికార్డవుతుందన్నావుగా. నాన్న చెయ్యెత్తింది ఒక్కసారి చూపించు. నేను పక్కనే ఉన్నా మొహం సరిగ్గా చూడలేదు, నీకు చెప్పే తొందరలో."

అబద్ధం చెప్పడానికి ఇంకా వీలుంది. చెరిగిపోయిందనొచ్చు. కానీ ఆ క్షణంలో అతనికి ఆ ఓపిక లేకపోయింది. ఫోన్ తీసి ఆ మధ్యాహ్నం బొమ్మ తెరిచి ఆమె చేతికిచ్చాడు. ఆమె కళ్లు చిట్లించి హాలంతా వెతికింది.

"ఇందులో నాన్న ఎక్కడ?"

అతను నల్లటి పట్టీ మీద వేలు పెట్టాడు.

ఆమె ఆ వేలు వైపు చూసింది. "కనపడుతున్నాడన్నావు" అంది. "నాన్నకి అదే చెప్పాను నేను."

ఫోన్ తిరిగి అతని చేతిలో పెట్టి, సంచీ భుజాన వేసుకుని, అతనికోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.