నేల దాకా పరదా

పరదాలు కుట్టడంలో ఆ వీధిలో చెల్లెలిని మించినవాళ్లు లేరు. ఆ మాట ఇంకెవరో అనక్కర్లేదు, ఆవిడే అనుకునేది. ఆవిడ కుట్టుకు వంక పెట్టడమంటే కొరివితో తల గోక్కోవడమే. పరదా అంచు నేలను తాకాలి, తాకి ఇంకాస్త మిగలాలి. కిటికీ గట్టు దగ్గరే ఆగిపోయిన పరదా కనబడితే చాలు, "పొట్టి లాగు తొడుక్కుని పెళ్లికొచ్చినట్టుంది" అని పగలబడి నవ్వేది.

అలాంటి మనిషి చేతుల్లో ఆ చలికాలం అక్క ప్రాణం పడింది. పెళ్లీ పెటాకులూ లేని అక్కాచెల్లెళ్లిద్దరిదీ రెండు గదుల అద్దె కొంప. అక్క ఊపిరితిత్తులు ఏనాడో పాడయ్యాయి. "గది వెచ్చగా ఉంచమ్మా. ఈసారి ఛాతీకి చలి పట్టిందంటే నా చేతుల్లో ఏమీ ఉండదు" అని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

అక్క మంచం కిటికీ పక్కనే. ఇంటికున్న ఒక్క హీటరూ ఆ కిటికీ కిందే గోడకు బిగించి ఉంది. పాత అద్దాల సందుల్లోంచి గాలి ఈల వేసుకుంటూ లోపలికొచ్చేది.

"ఇదెంత పని! నేనుండగా నీకు చలేమిటక్కా?" అంది చెల్లెలు.

ముదురు రంగు మందపాటి గుడ్డ తెచ్చింది. మధ్యలో దూది పొర, వెనక అస్తరు. గాలికి ఎగరకుండా అంచు మడతలో సన్నటి గొలుసు వేసి మరీ కుట్టింది. ఈ గోడ నుంచి ఆ గోడకు, పైన కడ్డీ నుంచి నేల దాకా వేలాడదీసింది. ఈల ఆగిపోయింది.

"ఎలా ఉందక్కా?"

"బ్రహ్మాండంగా ఉందే" అంది అక్క, దుప్పటి గడ్డం దాకా లాక్కుంటూ.

గది మాత్రం వేడెక్కలేదు. నిజం చెప్పాలంటే మునుపటికంటే చల్లబడింది. చెల్లెలు హీటరును తిట్టింది, ఇల్లు కట్టినవాణ్ణి తిట్టింది, ఆకాశాన్ని కూడా వదల్లేదు. తన పరదాను తప్ప! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఒక పరదా చాలలేదేమోనని దాని మీద ఇంకొకటి కుట్టి వేసింది. అక్కకు దగ్గు మొదలైంది.

డాక్టరు మళ్లీ వచ్చి, ఛాతీ విని, చెల్లెల్ని గుమ్మం దగ్గరికి పిలిచాడు. "ఇక ఆసుపత్రుల చుట్టూ తిప్పి ఆవిణ్ణి కష్టపెట్టకు. దగ్గర కూర్చో, చాలు" అన్నాడు.

ఆవిడకు కూర్చోవడం చేతనైతే కదా! మర్నాడు పరదా పక్క అంచుల్ని కూడా గోడకు బిగించేద్దామని పూనుకుంది. చేతిలోంచి పిన్నుల డబ్బా జారి, పిన్నులన్నీ పరదా కిందకు దొర్లాయి. వాటికోసం అంచు ఎత్తి లోపలికి తల పెట్టింది. వేడిగాలి మొహానికి కొట్టింది. పొయ్యిలోకి తొంగి చూసినట్టుంది. ఇన్నాళ్లూ హీటరు వేడంతా పరదాకూ అద్దానికీ మధ్య పైకెక్కి, ఆ సందుల్లోంచి వీధిలోకి పోతోంది. అక్క ఇవతల వణుకుతోంది.

చెల్లెలు కత్తెర తెచ్చి రెండు పరదాల్నీ కిటికీ గట్టు దగ్గర అడ్డంగా కోసేసింది. సాయంత్రానికి గది వెచ్చబడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అక్క పెదవులు అప్పటికే నీలం తిరిగి ఉన్నాయి.

"అక్కా, నేనే. హీటరును కప్పేసింది నేనే."

"తెలుసే."

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. చలి మరీ ఎక్కువైతే పరదా వెనక చెయ్యి పెట్టుకుని పడుకునేదాన్ని. అక్కడ హాయిగా ఉండేది."

"మరి చెప్పి చావొచ్చుగా!" అనేసి చెల్లెలు నాలుక కరుచుకుంది.

అక్క నవ్వబోయింది, దగ్గు తెర అడ్డొచ్చింది. అది తగ్గేదాకా ఆగి, "నీ కుట్టుకు వంక పెడితే మూడు రోజులు తిండి మానేస్తావు. ఈ చలిలో ఖాళీ కడుపుతో పనికెలా పోతావే?" అంది.

చెల్లెలు మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడింది. ఏడవడానికి కూడా ఆవిడకు మొహం చెల్లలేదు.