పదిహేడో వరుస

"పోగొట్టింది మీరే! పోగొట్టి, పైన సున్నా పడేసి చేతులు దులుపుకున్నారు!"

హెడ్డుసారు బల్ల చరిచిన చప్పుడుకు, పక్కగదిలో రిజిస్టరు అట్ట కుడుతున్న మార్కులమ్మ వేలికి సూది గుచ్చుకుంది.

ఆ కాలేజీ గణితశాఖలో ఆమె ముప్పై ఒక్క ఏళ్లుగా గుమాస్తా. అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా లేదు. ఇవాళ సాయంత్రం ఐదుకు రిటైరవుతుంది. పొడుగు ముఖం, ముక్కు కొసకు జారిన కళ్లద్దాలు, ఎర్రసిరా ఇంకిపోయిన చూపుడువేలు. చేతికింద చెక్క స్కేలు. వరుస మీద వరుస జరిపి జరిపి దాని అంచు అరిగి, నడుమ కాస్త లోపలికి వంగింది.

గుమ్మం దగ్గర ఓ అమ్మాయి ముఖం తుడుచుకుంటోంది. అవకలన సమీకరణాల (డిఫరెన్షియల్ ఈక్వేషన్ల) క్లాసులో చిట్టచివరి నంబరు, అరవై ఒకటి.

"పదికి పది హోంవర్కులూ ఇచ్చానమ్మా. సున్నా ఎలా వస్తుంది?"

హోంవర్కుకు ముప్పై మార్కులు. పరీక్షల్లో ఈ పిల్లకు వచ్చినవి ముప్పై ఆరు. పాసవాలంటే నలభై. ఒకసారి తప్పి మళ్లీ చదువుతోంది, ఈసారీ తప్పితే సీటు పోతుంది. 'ఇవ్వని హోంవర్కుకు సున్నా. సాకులు చెల్లవు' అన్న నిబంధనను ఏటా టైపు చేసి రిజిస్టరు మొదటి పేజీలో అంటించేది మార్కులమ్మే.

లోపల, ఆ క్లాసు చెప్పే కొత్త మేడం సంజాయిషీ చెప్పుకుంటోంది. "ఇరవై ఆరు వేసినట్టు గుర్తు సార్. గది మార్చినప్పుడు ఆ కాగితాల కట్ట కనబడకుండా పోయింది."

"గుర్తులు చూసి పాసు చేస్తామా? మీ మార్కుల పట్టీ ఏది?"

"మార్కులమ్మకిచ్చేశాను."

"అయితే తీయించండి. మూడింటికి కమిటీ. పట్టీలో ఆ పిల్ల మార్కు లేకపోతే మీకీ ఉద్యోగం కూడా ఉండదు."

కొత్త మేడంది ఏడాది ఒప్పందం. మార్కులమ్మ ఫైలు విప్పి పట్టీ తీసింది. చివరి గడిలో చక్కగా, గుండ్రంగా ఇరవై ఆరు. రిజిస్టరులో మాత్రం అరవై ఒకటో గడి ఖాళీ. ఖాళీ ఉంటే కంప్యూటరు సున్నా వేసుకుంటుంది.

మరి ఇరవై ఆరు ఎటు పోయింది? ఒక వరుస పైనుంది. అరవయ్యో నంబరుకు. అరవయ్యోవాడి ఇరవై రెండు, యాభై తొమ్మిదోవాడి దగ్గర. స్కేలు పైకి జరిపింది. మళ్లీ జరిపింది. వరుస వరుసకూ కిందివాడి మార్కే. పదిహేడో వరుస దగ్గర స్కేలు ఆగింది.

పదిహేడోవాడు మూడో వారంలోనే కోర్సు మానేశాడు. వాడికి హోంవర్కులో ఇరవై ఏడు!

మానేసినవాడి పేరు చెరపడం మార్కులమ్మకు ఇష్టం ఉండదు. "ఎక్కిన పేరు ఎక్కినట్టే ఉండాలి, ఎర్రగీత కొడితే చాలు" అనేది. మానేస్తున్నానని వాడు రాసిచ్చిన ఉత్తరం సొరుగులోనే ఉండిపోయింది, గీత పడలేదు. మేడం పట్టీలో వాడి నంబరే లేదు. రిజిస్టరులో మార్కులు ఎక్కించే రోజు రిటైర్మెంటు కాగితాల సంతకాలకని మూడుసార్లు కబురొచ్చింది. తిరిగొచ్చి, నంబరు సరిచూడకుండా వరుసగా దించేసింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కసారి.

ఎప్పుడో ఒక పాత మేష్టారు టీ కప్పు చూపించి చెప్పాడు: "మొదట ఎంత వేడో, క్షణక్షణం ఎలా మారుతోందో తెలిస్తే చాలమ్మా, చివరికి ఎంత చల్లారుతుందో ఒక్క గీతలో రాయొచ్చు. నక్షత్రమైనా అంతే." ఆ గీతలు ఆమెకు ఏనాడూ బోధపడలేదు. ఇవాళ వాటి అర్థం కళ్ల ముందుంది. ఒక్క వరుస జారితే నలభై నాలుగు మంది జారి, ఆఖరి పిల్ల గుమ్మంలో నిలబడింది. స్కేలు ఒక్క గడి కిందికి దించితే, పిట్టలు గూళ్లు వెతుక్కున్నట్టు నలభై నాలుగు అంకెలూ తమ తమ మనుషుల పక్కన వాలాయి.

ఆమె చెప్పిందంతా విన్న హెడ్డుసారు చప్పున గొంతు తగ్గించాడు. "కంప్యూటరు పొరపాటని రాసేద్దాం. వెళ్లిపోయే రోజు నీకెందుకమ్మా ఈ మచ్చ?"

"నోరు లేనిదాని మీద నెట్టేద్దామంటారా సార్?"

కొత్త మేడం ఆమె చెయ్యి పట్టుకుంది. "నాకేం ఫర్వాలేదమ్మా, సార్ చెప్పినట్టే..."

"ఊరుకోమ్మా. నువ్వింకా ముప్పై ఏళ్లు పేపర్లు దిద్దాలి."

మూడింటికి కమిటీ పెద్దాయన కళ్లజోడు తీసి అడిగాడు. "బాధ్యులెవరు?"

"మేడం కాదు. కంప్యూటరూ కాదు. తప్పు చేసింది నేనండి."

"నేనంటే? పేరు చెప్పండి, రాసుకోవాలి."

ఆమె తన అసలు పేరు ఇంటిపేరుతో సహా పైకి చెప్పింది. ఆ గదిలో ఆ పేరు వినబడటం అదే మొదలు. హెడ్డుసారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, ఎందుకు లేచాడో ఆయనకే తెలియలేదు.

ఐదింటికి సరిదిద్దిన జాబితా గోడకెక్కింది. అరవై ఒకటో నంబరు పక్కన అరవై రెండు మార్కులు. ఆ అమ్మాయి పరుగున వచ్చేసరికి గుమాస్తా గదిలో ఎవరూ లేరు. కుర్చీ బల్ల కిందికి తోసి ఉంది. విప్పి ఉన్న రిజిస్టరులో పదిహేడో వరుసకు ఎర్రగీత కొట్టి ఉంది. సిరా ఇంకా ఆరలేదు. దాని కిందే, నడుమ వంగిన చెక్క స్కేలు.