బత్తాయి పక్కన జాగా

బత్తాయిల మీద చల్లడానికి పెట్టుకున్న చెంబులో అంతయ్య ముందు తన వేళ్లు ముంచి, బొటనవేలి గోటితో మిగతా గోళ్ల సందులు గీకాడు. పసుపుపచ్చ పొడి నీళ్లలో తేలింది. ఆ నీళ్లు పారబోసి వేరే పట్టుకొచ్చాడు. ఈ కడుగుడు రోజూ పొద్దున్నే జరగాల్సిందే. పోయిన నెలలో ఒకావిడ అతని వేళ్లు చూసి, పండ్లకు రంగు పూస్తున్నావా అని అందరూ వినేట్టు అడిగి, తూకం వేయించుకున్న పండ్లు బండి మీదే వదిలేసి పోయింది. ఆ రంగు కాగితం మీద పూసేదనీ, తను పాస్టెల్ రంగుముక్కలతో బొమ్మలు నేర్చుకుంటున్నాననీ చెబుదామని నోరు తెరిచాడు. అరవై దగ్గరపడ్డ మనిషి నడిబజారులో చెప్పుకునే సంగతిలా తోచక మూసేసుకున్నాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో వంతెన నీడ ఎటు జరిగితే అతని బండి అటు జరుగుతుంది. కాయలు పేర్చడం మొదలుపెట్టాడు. మచ్చ ఉన్న వైపు లోపలికి, నిగనిగలాడే వైపు బయటికి. ఒక కాయ అమ్ముడుపోగానే ఆ సందులోకి ఇంకోటి వచ్చి కూర్చోవాలి. సందు కనిపించిందా, ఏరుకోగా మిగిలిన సరుకనుకుని కొనేవాడు పక్క బండికి పోతాడు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో హమాలీగా ఉన్నప్పుడు ఒంటబట్టిన విద్య ఇది. నల్లగొండ దగ్గర తండ్రి పెట్టిన బత్తాయి తోట, బోరు ఎండిపోయి మోడులైతే పట్నం వచ్చి వేరేవాళ్ల తోటల కాయలు మోశాడు. మార్కెట్ తరలిపోయాక ఈ బండి పెట్టాడు. బతుకంతా బత్తాయితోనే గడిచింది గానీ, దాన్ని తీరిగ్గా కూర్చుని చూసింది మాత్రం సూర్యప్రభ మేడం దగ్గరే.

వెనక సందులో, మూడో అంతస్తు గదిలో ఆమె పిల్లలకూ, ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లకూ బొమ్మలు నేర్పేది. కోనసీమ మనిషి. ఉద్యోగానికని వచ్చి ఇక్కడే రిటైరైంది. పండ్లకని వచ్చినప్పుడల్లా మచ్చలున్నవీ, తొడిమ వంకర పోయినవీ ఏరేది. ఆమె బుర్ర మీద అంతయ్యకు కాస్త అనుమానంగానే ఉండేది. ఒకరోజు పుచ్చకాయ మోసుకుని పైకి వెళితే, స్టూలు మీద తన కాయలున్నాయి, చుట్టూ కూర్చున్నవాళ్లు వాటినే గీస్తున్నారు. నోరు వెళ్లబెట్టి నిలబడ్డాడు. నిలబడటమెందుకు అంతయ్యగారూ, కూర్చోండి అంటూ ఆమె కాగితం చేతికిచ్చింది. తన పేరు వెనక 'గారు' తగిలించి పిలిచిన మొదటి మనిషి ఆమె. అందుకే కూర్చున్నానని ఇంటికెళ్లి భార్య లచ్చమ్మకు చెప్పాడు. లచ్చమ్మ నవ్వేసింది గానీ, ఎండకు రోడ్డు మీద జనం పలచబడే మధ్యాహ్నం పూట బండి తను చూసుకుంటూ అతన్ని పైకి పంపేది.

పాస్టెల్ ముక్కను పక్కకు పడుకోబెట్టి రాయడం, ముదురు రంగు మీదికి లేత రంగు తేవడం, పొడిని ఊదకుండా కాగితం వంచి దులపడం, ఇవన్నీ తొందరగానే వచ్చాయి. కొత్తల్లో ఒకసారి, తాజాగా ఉంటుందన్న అలవాటు కొద్దీ బొమ్మ మీద కూడా నీళ్లు చల్లి పాడు చేసుకున్న మాట నిజమే. రానిది ఒక్కటే, కూర్పు. కాగితం మీద ఏది ఎక్కడ ఉండాలి, ఎంత మేర వదిలేయాలి అన్నది. స్టూలు మీద ఒక్క బత్తాయి పెట్టి గీయమంటే అతని కాగితం నిండా బత్తాయిలే ఉండేవి. ఒకటి గీయగానే దాని పక్కనున్న జాగా అతన్ని పరేషాన్ చేసేది. అతని రంగుల పెట్టెలో పసుపు, ఆకుపచ్చ ముక్కలు అరిగి గోరంత అయ్యాయి. వెనక ఖాళీకి పూయాల్సిన బూడిదరంగు ముక్క మాత్రం కొన్ననాటి పొడుగునే ఉంది.

"అంతయ్యగారూ, మళ్లీ బండి తోలుకొచ్చేశారా?" అని ఆమె నవ్వేది. "చూసేవాడి కన్ను తిరిగి తిరిగి అలిసిపోతుందండీ. అది కూర్చోడానికి ఎక్కడో కాస్త జాగా వదలాలి."

"ఇడ్సవెడ్దామనే అనుకుంట మేడం. చెయ్యే ఊకోదు."

ఈ రోజు ఆమె వెళ్లిపోతోంది. మోకాళ్లు ఇక మూడంతస్తులు ఎక్కనివ్వడం లేదు. గది ఖాళీ చేసి, అమలాపురంలో చెల్లెలి దగ్గర ఉంటుందట. వెళ్లేలోగా జాగా వదిలిన బొమ్మ ఒక్కటైనా చూపించాలని అంతయ్య వారం నుంచి తంటాలు పడుతున్నాడు. నిన్న కూడా ఒక్క కాయతోనే మొదలుపెట్టాడు. బండి కింద గోనెసంచిలో దాచిన ఆ కాగితం మీద ఇప్పుడు అంచు నుంచి అంచుకు బత్తాయిలే.

మధ్యాహ్నం దాన్నే పట్టుకుని పైకి వెళ్లాడు. సామాను కట్టేసి ఉంది. స్టూలూ, ఆమె పేము కుర్చీ మాత్రం మిగిలాయి. అవి ఇంటి ఓనరువి. ప్రయాణానికని తెచ్చిన కాయల సంచి స్టూలు మీద పెట్టి, బొమ్మ ఇచ్చి తల దించుకున్నాడు. ఆమె దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూసింది. ఒక మూలనున్న కాయ నీడ చక్కగా పడిందని వేలు పెట్టి చూపించింది. బొమ్మ తనకు ఇమ్మంది. అక్కడ తనకు ఈ బండి కనపడదు కదా అంది. తన రంగుల పెట్టె తీసి అతని చేతిలో పెట్టింది.

"ఆ బూడిదరంగును కూడా అప్పుడప్పుడూ పలకరిస్తూ ఉండండి."

విజయవాడ వైపు బస్సులు ఆగే ఎల్‌బీ నగర్ దాకా ఆటోలో అతనూ వెళ్లాడు. పెద్ద సంచి ఒళ్లో పెట్టుకుని, ఆమెకు చెప్పాల్సినవి దారి పొడుగునా పోగేసుకున్నాడు. ఈ వయసులో తనకు ఏదైనా నేర్పాలని ఎవరికి తోస్తుంది? ఆమెకు తోచింది.  బస్సు వచ్చి ఆగాక, సంచి ఆమెకు అందిస్తూ అన్నాడు.

"ఇన్నేండ్లు బత్తాయంటే తూకమే అనుకున్న మేడం. ఎండ పడ్డ దిక్కు ఒక తీరు, పడని దిక్కు ఒక తీరు ఉంటదని మీరు చూపిచ్చిన్రు. మస్తు మేలు చేసిన్రు."

ఆమె అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. తర్వాత కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ మెల్లగా ఎక్కి కూర్చుంది. బస్సు కదిలింది.

తాళంచెవి ఓనరుకు అప్పగించే పని అంతయ్యది. తిరిగొచ్చి, చివరిసారిగా గది చూద్దామని పైకి ఎక్కాడు. ఓనరువాళ్లు తమ దగ్గరున్న రెండో తాళంచెవితో తెరిచి, కుర్చీని అప్పుడే కిందికి దింపించేసుకున్నారు. స్టూలు మీద, సంచిలోంచి జారిందో ఆమే పెట్టి వెళ్లిందో, ఒక బత్తాయి ఉంది. అంతయ్య నేల మీద కూర్చుని, మేడం ఇచ్చిన పెట్టె తెరిచి అందులోని కాగితం ఒకటి తీశాడు. కాయ ఏ వారన ఉందో కాగితం మీద ఆ వారనే గీశాడు. చెయ్యి మళ్లీ పసుపు ముక్క మీదికి పోయింది. పక్కన ఏముందా అని తలెత్తి చూశాడు. పేము కుర్చీ కాళ్లు గచ్చు మీద వదిలిన గుర్తులు కనిపించాయి. అక్కడ కాయ పెట్టడానికి అతనికి మనసొప్పలేదు. బూడిదరంగు ముక్క తీసి, పక్కకు పడుకోబెట్టి, నెమ్మదిగా పూయసాగాడు.

తాళంచెవి అప్పగించి, వెలుతురు తగ్గకముందే బండి దగ్గరికి వచ్చాడు. లచ్చమ్మ కాగితం అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిదేంది, ఒక్కటే ఏసినవ్. గింత జాగ ఉత్తగనే ఇడ్సవెడ్తివి?"

"ఆడ మేడం కూసుంటుండె."

లచ్చమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, ఈసారి కాగితాన్ని అంచులు పట్టుకుని చూసింది. ఇంతలో ఎవరో వచ్చి కిలో కాయలు తూయించుకుని వెళ్లారు. బండి మీద పడిన సందును ఆమె అలవాటుగా వేరే కాయలతో నింపేసింది. బండి కింద గోనెసంచి మీద, మూత తెరిచే ఉన్న పెట్టెలో, మేడం ఇచ్చిన బూడిదరంగు ముక్క సగానికి అరిగి ఉంది.