ఈల వేసింది ఎవరు?

కడుపున పుట్టిన కూతురికన్నా అపురూపంగా బార్నబీ క్రాటీ సాకింది ఒక ఈలనే. ముప్పయ్యేళ్లు సాకాడు. ఆ ఈల మీది పగతో లేచి, ఆ పగతోనే కాఫీ తాగి, ఆ పగనే కప్పుకుని పడుకునేవాడు. ఆయన భార్య హెస్టర్‌కి వినీ వినీ చెవులు కాయలు కాశాయి.

నాటకాలవాళ్లలో ఒక పట్టింపు ఉంది. వేషాల గదిలో ఈల వేస్తే ఆట పాడవుతుందని. వేసినవాడు గది బయటికి వెళ్లి, తన చుట్టూ తాను మూడుసార్లు తిరిగి, తలుపు కొట్టాలి. లోపలివాళ్లు రమ్మంటే రావాలి. అప్పుడు దోషం పోతుంది. అప్పట్లో బఫెలో అనే ఊళ్లో ఒక నాటకశాలలో బార్నబీ ఒక్కడే గదిలో టకటకలాడే నాట్యపు బూట్లు తొడుక్కుంటుంటే ఈల వినపడింది. ఒక్క ఉదుటున తలుపు తీశాడు. ఎదురుగా సాటి నాట్యగాడు థాడియస్ ఫిన్. ఆ రాత్రి బార్నబీ ఆడుతూ ఆడుతూ కాలుజారి వెళ్లి వేదిక కింద వాద్యగాళ్ల డప్పులో కూలబడ్డాడు. "బయటికెళ్లి తిరగరా" అన్నాడు ఫిన్‌తో. "వెయ్యని ఈలకి నేనెందుకు తిరగాల్రా?" అన్నాడు ఫిన్. అంతే. అప్పట్నుంచీ ఈ ఇంటివాళ్లు ఎక్కిన రైలు ఆ ఇంటివాళ్లు ఎక్కలేదు.

ఇప్పుడు హాలీవుడ్‌లో క్రాటీ కూతురు లోర్నా, ఫిన్ కొడుకు ఎమెట్ ఒకే సినిమాలో జంటగా ఆడుతూ ప్రేమించుకున్నారు. బార్నబీ ససేమిరా అన్నాడు.

"శనివారం కారేసుకుని లాస్ వేగస్ పోతున్నామమ్మా. అక్కడ ఏ కచేరీ గుమాస్తా అయినా పెళ్లి చేస్తాడు" అంది లోర్నా.

హెస్టర్ గుండె చెరువైంది. ఉన్నది ఒక్కగానొక్క పిల్ల. దాని పెళ్లికి నీలం టోపీ పెట్టుకుని చర్చిలో ముందు వరసలో కూర్చోవాలని ఆమె ఆశ. ఆ టోపీ కొని పెట్టెలో దాచి ఎన్నాళ్లయిందో.

వాళ్లాడే సినిమా కథ కూడా అదే. రెండు కుటుంబాల వైరం, పిల్లల ప్రేమ, ఆఖరి పాటలో అట్టముక్క చందమామ కింద తండ్రులిద్దరూ కావిలించుకోవడం. పగంటే పడిశం అనుకున్నారు కాబోలు ఆ రాసినవాళ్లు, నాలుగు పాటలు పాడితే దిగిపోవడానికి! ఆ తండ్రుల వేషాలకి దర్శకుడు పిలిపించింది బార్నబీనీ, థాడియస్‌నీ. ఇద్దరూ పళ్లు కొరుకుతూనే వచ్చారు. రాకేం చేస్తారు? వాళ్లని పిలిచేవాడు మరొకడు లేడు.

బార్నబీకి ఇంకో చాదస్తం. బూట్లు తొడుక్కునేటప్పుడు పురుగు కూడా గదిలో ఉండకూడదు. పెళ్లాన్ని సైతం బయటికి గెంటేవాడు. ఇక్కడేమో గదులన్నీ తారలకే. ముసలివాళ్లకి సెట్లో ఒక బల్ల చూపించారు. చేసేది లేక అందరికీ వీపు చూపించి, వంగి, బిగుతు బూటు లాగాడు. నెత్తిన మైకు వేలాడుతోంది.

సుయ్యిఁ...

"ఎవరయ్యా ఈల వేసింది?" అని అరిచాడు మైకు చూసుకునే మనిషి.

బార్నబీ ఎగిరి లేచాడు. "ఫిన్! దొంగ వెధవా, మళ్లీనా?"

ఫిన్ దూరంగా కూర్చుని శాండ్‌విచ్ తింటున్నాడు. రెండు బుగ్గలూ నిండి ఉన్నాయి. ఆ నోటితో ఈల కాదు కదా, ఊ అనడం కూడా కష్టమే.

తోడుగా సెట్టుకొచ్చిన హెస్టర్ మొగుణ్ణి ఎగాదిగా చూసింది. "ఏమయ్యా, ఆ రెండో బూటు కూడా తొడుక్కో."

"ఎందుకే?"

"తొడుక్కోమన్నానా!"

వంగాడు. లాగాడు. ముందుపళ్ల సందులోంచి ఊపిరి తన్నుకొచ్చింది. సుయ్యిఁ! సెట్టంతా గొల్లున నవ్వింది.

"అది ఈల కాదే, ఊపిరి" అని గొణిగాడు.

"ఆ ఊపిరికే ముప్పయ్యేళ్లు మమ్మల్ని కాల్చుకు తిన్నావు. నడు బయటికి!"

నడిచాడు. ఎర్రటెండలో టకటకమని మూడుసార్లు తిరిగాడు. అటుగా పోతున్న రోమన్ సైనికుల వేషగాళ్లు నిలబడి మరీ చూశారు. తలుపు కొట్టాడు.

"ఎవరదీ?" అన్నాడు ఫిన్, తీరిగ్గా నములుతూ.

"నేనేరా, బార్నబీని."

"బార్నబీయా? ఏ బార్నబీ? డప్పులో కూర్చున్నవాడా?"

హెస్టర్‌కి ఒళ్లు మండింది. ఒక ముసలాడి పొగరు దిగితే రెండోవాడికి ఎక్కుతోంది. "థాడియస్, ఆ ముద్ద మింగి రమ్మను. లేకపోతే నీ కొడుకు పెళ్లి కూడా గుమాస్తా చేతిలోనే, చూసుకో."

ఫిన్ మింగాడు. ఎమెట్ వంక ఒకసారి చూశాడు. "రారా, లోపలికి తగలడు" అన్నాడు.

చందమామ కింద మాత్రం ఇద్దరూ కావిలించుకోలేదు. దర్శకుడు బతిమాలి బతిమాలి ఆ ముక్క కోసేశాడు.

శనివారం చర్చిలో ముందు వరసలో నీలం టోపీ ఉంది. ప్రమాణాల వేళ అందరూ ఊపిరి బిగబట్టిన క్షణాన, బార్నబీ వంగి బూటు సర్దుకున్నాడు.

సుయ్యిఁ...

హెస్టర్ పక్కకి చూడనైనా చూడలేదు. వేలు మాత్రం తలుపు వైపు చూపించింది. పెళ్లికూతురి తండ్రి మూడుసార్లు తిరిగి, తలుపు కొట్టి, ఫిన్ రమ్మనేదాకా పాదిరీగారు పుస్తకం పట్టుకుని అలాగే నిలబడ్డారు.