చప్పుడు లేని నిద్ర

జైపాల్ చనిపోయిన ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో అందరూ సంతోషంగానే ఉన్నారు.

లాల్‌గడి మలక్‌పేట్‌లో వాళ్ల పొలం సగం వెంచర్‌గా మారాక, ప్లాట్లు చూపించడం, కంచె వేయించడం, వచ్చినవాళ్లకు చాయ్ తెప్పించడం అన్నీ జైపాలే చూసుకునేవాడు. ముప్పై తొమ్మిదేళ్లవాడు. నూట నలభై కిలోలు దాటిన మనిషి. రెండు సంబంధాలు దగ్గరిదాకా వచ్చి తప్పిపోయాక పెళ్లి మాట ఎవరినీ ఎత్తనివ్వలేదు. ఆ రోజు మటన్ కూరతో అన్నం తిని, ముందుగదిలో మంచం మీద వాలాడు. వాలగానే గురక మొదలైంది.

అది గేటు బయట నిలబడ్డవాళ్లకు కూడా వినపడే గురక. పెరిగి పెరిగి, ఉన్నట్టుండి ఆగిపోయేది. మళ్లీ నీళ్లలో మునిగినవాడు పైకి వచ్చినట్టు ఒక్కసారిగా ఎగబీల్చేవాడు. "నా గురక ఉండంగ మనింటికి దొంగలు రారు" అని తనే అందరినీ నవ్వించేవాడు.

ఆ మధ్యాహ్నం కాసేపటికి గురక ఆగింది. వంటింట్లో ఉన్న తల్లి బాలమణి ఒక్క నిమిషం చెవి పెట్టి విని, ఆ పూట భోజనానికి వచ్చిన కూతురు ధరణితో, "ఇయ్యాల మంచిగ నిద్ర వట్టినట్టుంది వానికి. గిన్నెలు మెల్లగ పెట్టు" అంది. ధరణి గిన్నెలు మెల్లగా సర్దింది. ఆమె భర్త రఘునందన్ టీవీ చప్పుడు తగ్గించాడు. సాయంత్రం దాకా ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. చాయ్ తీసుకుని లేపడానికి వెళ్లిన బాలమణి కొడుకు భుజం తట్టింది. భుజం చల్లగా ఉంది.

ధరణి అన్నకంటే రెండేళ్లు చిన్నది. అన్నీ అతని పోలికలే. గుండ్రటి ముఖం, పొట్టి మెడ, కూర్చుంటే కుర్చీ నిండిపోయే ఒళ్లు. సుచిత్ర చౌరస్తా దగ్గర పెళ్లి జాకెట్ల మీద మగ్గం వర్క్ చేయించి ఇచ్చే దుకాణం నడుపుతోంది. అన్న పోయిన కొన్ని నెలలకు ఒకరోజు, ఎవరివో కొలతలు రాసుకుంటూనే కునుకు తీసింది. ఎవరో ఎగబీల్చిన చప్పుడుకు ఉలిక్కిపడి లేచింది. ఆ చప్పుడు అన్నయ్యది. వెనక్కి తిరిగి చూసింది కూడా. వెనక గోడకు వేలాడుతున్న జాకెట్లు తప్ప ఏమీ లేదు. ఎదురుగా కొలతలు ఇవ్వడానికి వచ్చిన అమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. అప్పుడర్థమైంది, అది తన గొంతులోంచే వచ్చిందని.

ఆ రాత్రి భర్త ఇంటికి రాగానే అడిగింది.

"నేను గురక పెడుతున్ననా?"

రఘునందన్ చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నాక అన్నాడు. "శాన దినాల సంది పెడుతున్నవ్. నడుమ నడుమ ఆగుతది. ఆగినప్పుడల్ల లేచి కూసుంటున్న నేను."

"మరి చెప్పలేదేంది?"

"ఏమని చెప్పాలె? బావ లెక్కనే పెడుతున్నవని చెప్పాలెనా?"

మేడ్చల్ రోడ్డు మీద ఉన్న ఒక ఆసుపత్రిలో ఆమెను రాత్రంతా పడుకోబెట్టి పరీక్ష చేశారు. నిద్రలో గొంతు మూసుకుపోతోందని, మాటిమాటికీ ఊపిరి ఆగిపోతోందని డాక్టర్ చెప్పాడు. బరువు తగ్గితే చాలావరకు నయమవుతుందన్నాడు. ఆమె నవ్వింది. బరువు తగ్గడానికి ఆమె చెయ్యనిది లేదు. నడిచింది, అన్నం మానేసి కొర్రలు తిన్నది, డబ్బాల్లో వచ్చే పొడులు కలుపుకుని తాగింది. తగ్గిన ప్రతిసారీ, తగ్గినదానికంటే ఎక్కువే తిరిగి వచ్చింది.

డాక్టర్ ఆపరేషన్ సంగతి విడమరిచి చెప్పాడు. పొట్టలో ఎక్కువ భాగం తీసేసి, సన్నటి గొట్టంలా మిగులుస్తారు. కొంచెం తినగానే నిండిపోతుంది. ఆకలి కూడా తగ్గుతుంది. ప్రమాదాలున్నాయి, అవి కూడా దాచకుండా చెప్పాడు. జీవితాంతం విటమిన్ బిళ్లలు మింగాలి. కోసి తీసింది మళ్లీ రాదు. "తొందరేం లేదమ్మా. ఇంట్లో మాట్లాడుకుని రండి" అన్నాడు.

ధరణి మాట్లాడుకోవలసింది తల్లితో. ఆ ఆదివారం లాల్‌గడి మలక్‌పేట్‌ వెళ్లి చెప్పింది. బాలమణి చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలెత్తకుండా విన్నది.

"మంచిగున్న కడుపును కోయించుకుంటరా ఎవరన్న? నాలుగు ముద్దలు గూడ తినకుంటయితది నీకు."

"నాలుగు ముద్దలు సాలమ్మా నాకు."

"వాడు గూడ గట్లనే అన్నడు. నేనే వద్దని..."

బాలమణి అక్కడితో ఆగిపోయింది. ఆ సంగతి ధరణికి తెలుసు. అంతకు రెండేళ్ల ముందు జైపాల్ ఇదే ఆపరేషన్ చేయించుకుంటానన్నాడు. తల్లి రెండు రోజులు అన్నం ముట్టలేదు. ధరణి, రఘునందన్ కూడా పొద్దున్నే లేచి నడవమనే చెప్పారు. అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టి బాలమణి లేచింది. "నేను గూడ వస్త మీ ఇంటికి. అయ్యేదాక నీ దగ్గరనే ఉంట" అంది. సరేనని గానీ వద్దని గానీ అనలేదు.

ఆపరేషన్‌కు ముందు కొన్ని వారాల పాటు ధరణి నిద్రలో ఒక మిషన్ పెట్టుకోవాలన్నారు. ముక్కు మీద మాస్కు, దానికి గొట్టం, గొట్టం చివర చిన్న పెట్టె. పెట్టె గాలిని గొంతులోకి నెడుతూ ఉంటుంది. ఊపిరి ఆగదు, గురక రాదు. అలా కుదుటపడితేనే మత్తు ఇవ్వడం క్షేమం అన్నాడు డాక్టర్. గురక మొత్తానికే పోవడంతో రఘునందన్ అన్నాళ్ల నిద్రంతా తీర్చుకుంటున్నట్టు, ఇక ఏ చప్పుడుకూ మెలకువ రాకుండా తెల్లారేదాకా నిద్రపోయేవాడు.

ధరణికి మాత్రం తెల్లవారి లేచేసరికి ముక్కు మీద మాస్కు ఉండేది కాదు. దిండు పక్కన, గొట్టం చక్కగా చుట్టి పెట్టి ఉండేది. మొదట తనే నిద్రలో తీసేసుకుంటున్నాననుకుంది. కానీ ఆ మాస్కు పట్టీ వెనక వైపు బిగించి ఉంటుంది, రెండు చేతులతో నొక్కితే గానీ ఊడదు. నిద్రలో పీకేసుకునే మనిషి గొట్టం చుట్టి పెడుతుందా? ఒకరోజు ఆమె పడుకున్న వైపు పరుపు అంచు పల్లంగా కనిపించింది, బరువైన మనిషి ఎవరో చాలాసేపు కూర్చుని లేచినట్టు. మరోరోజు నిద్ర వదులుతున్న వేళ చెంపకు వెచ్చగా వేళ్లు తగిలాయి. కళ్లు తెరిచేసరికి ఎవరూ లేరు. మాస్కు పక్కన ఉంది.

చిన్నప్పుడు జైపాల్ అలాగే చేసేవాడు. చెల్లెలు ముఖం మీది దుప్పటి మెల్లగా తీసి, "ఊపిరాడుతలేదు నీకు, పొల్లా" అనేవాడు.

ఆ ఆలోచన వచ్చాక ఆమెను వదల్లేదు. దుకాణంలో పని మధ్య గుర్తొచ్చేది. అన్నకు దక్కనిది తను తెచ్చుకుంటున్నందుకు కోపమా? లేక రమ్మంటున్నాడా? భర్తతో చెప్పలేదు. తల్లితో అసలే చెప్పలేదు. పడుకోబోయే ముందు మాత్రం మంచం అంచు వైపు చూసి, "వద్దన్నా, తియ్యకు" అని లోలోపల అనుకునేది. తెల్లారేసరికి మాస్కు పక్కనే ఉండేది.

మిషన్ లోపల ఎంతసేపు వాడారో నమోదవుతుందట. డాక్టర్ అది చూసి తల అడ్డంగా ఊపాడు. "రోజూ మధ్యలోనే తీసేస్తున్నారు. ఇట్లా ఐతే నేను చెయ్యలేనమ్మా. ఇంకో నెల చూద్దాం."

"నేను తీస్తలేను సార్."

"నిద్రలో చాలామంది తమకు తెలియకుండానే తీస్తారు."

వాయిదా పడిందని విన్నప్పుడు బాలమణి ముఖం తేలికపడటం ధరణి చూసింది.

ఆ తర్వాతి ఆదివారం రఘునందన్ యాప్రాల్‌లో ఎవరికో ఇల్లు చూపించడానికి వెళ్లాడు. అన్నం తిన్నాక ధరణి మాస్కు పెట్టుకుని పడుకుంది. కిటికీలోంచి ఎండ పడుతోంది, కింద రోడ్డు మీద హారన్లు మోగుతున్నాయి. నిద్ర రాలేదు. కళ్లు మూసుకుని, మిషన్ సన్నటి గాలి చప్పుడు వింటూ ఉంది. కాసేపటికి పరుపు అంచు కుంగింది.

ఆమె కదలలేకపోయింది. పక్కన ఎవరో ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత వేళ్లు ఆమె చెంపకు తగిలాయి, చెవి వెనక్కి జరిగాయి, పట్టీ నొక్కాయి. ధరణి ఆ చేతిని గట్టిగా పట్టుకుని కళ్లు తెరిచింది.

బాలమణి.

"అమ్మా! నువ్వా? ఎందుకు తీస్తున్నవ్?"

బాలమణి చెయ్యి విడిపించుకోలేదు. ముఖం పాలిపోయి ఉంది. "సప్పుడు లేదు బిడ్డా" అంది. "నీ నుంచి సప్పుడు వస్తలేదు."

"గురక రావద్దనే కదమ్మా ఈ మిషన్."

"నాకు ఎర్కనే. డాక్టర్ చెప్పిండు, అల్లుడు చెప్పిండు. అయినా ఆ తలుపు కాడ నిలవడితే ఇల్లంత సల్లగయితది. వాడు పన్నప్పుడు గూడ గిట్లనే ఉండె. మంచిగ నిద్ర వట్టిందన్న నేను. గిన్నెలు మెల్లగ పెట్టుమన్న. నా కొడుకు సస్తుంటె సప్పుడు జెయ్యకుండ్రి అని చెప్పిన." ఆమె గొంతు పెరగలేదు, ఏడుపూ రాలేదు. "గా మాస్కు తీసేస్తె నువ్వు మల్ల గురక పెడ్తవు. వాని లెక్కనే పెడ్తవు. గప్పుడు పోయి పంటున్న నేను."

ధరణికి కోపం రావలసింది. నెల రోజులు వృథా అయ్యాయి. ఆ నెలలో ఏ రాత్రైనా ఆమె ఊపిరి ఆగిపోయి ఉండేది. కానీ తల్లి చెయ్యి ఇంకా తన చేతిలోనే ఉంది. మాస్కు మళ్లీ బిగించుకుని, ఆ చెయ్యి తీసుకుని ముక్కు ముందున్న చిన్న చిన్న రంధ్రాల దగ్గర పెట్టింది.

"గాలి తగుల్తుందా?" మాస్కు వెనక నుంచి మాట ముద్దగా వచ్చింది.

బాలమణి తలూపింది.

"నేను ఊపిరి ఇడిసినప్పుడల్ల జోరుగ వస్తది. సూడు. ఇగో... ఇగో, మల్ల."

బాలమణి చెయ్యి అక్కడే ఉంచింది. ధరణి కళ్లు మూసుకుంది. లేచేసరికి ఎండ కిటికీ దాటిపోయింది. తల్లి అదే చోట, చెయ్యి అలాగే పెట్టుకుని, తల గోడకు ఆనించి ఉంది. మాస్కు ముక్కు మీదే ఉంది.

నెల తిరిగాక డాక్టర్ ఆపరేషన్ తేదీ ఇచ్చాడు. చివరి రెండు వారాలూ పల్చటి జావ, మజ్జిగ, పప్పుకట్టు మాత్రమే తాగాలన్నాడు. ఆకలికి ధరణికి పక్క ఫ్లాట్లలోని పోపు వాసనలు కూడా పేరుపేరునా తెలిసేవి. ఒక పొద్దున రఘునందన్ బయటికి వెళ్లాక, ఆమె వంటింట్లో తల్లి పక్కన నిలబడి జావ చల్లారబెట్టుకుంటోంది. ముందుగదిలోంచి గురక వినిపించింది. పెరిగింది, ఆగింది, ఒక్కసారిగా ఎగబీల్చింది.

ధరణి గ్లాసు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. పక్కకు చూసింది. బాలమణి చేతిలోని గరిటె గిన్నె మీదే ఆగి ఉంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందుగదిలోకి వెళ్లి చూడాలని ఇద్దరికీ అనిపించలేదు. మళ్లీ ఏమీ వినపడలేదు. కొంతసేపటికి బాలమణి, "తాగు బిడ్డా, సల్లారుతది" అంది. ఆ పొద్దున సంగతి తర్వాత ఎప్పుడూ వాళ్లు మాట్లాడుకోలేదు.

ఆపరేషన్ రోజు థియేటర్ తలుపు దగ్గర బాలమణి మత్తు డాక్టరమ్మ దారికి అడ్డం నిలబడింది.

"మత్తు ఇచ్చినంక ఎవలు సూస్తరమ్మా దాన్ని?"

"నేనేనమ్మా. అయిపోయేదాకా తన తల దగ్గర నుంచి కదలను."

"కన్ను తియ్యవు గద?"

"తియ్యను."

అప్పుడు గానీ ఆమె పక్కకు జరగలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. తర్వాతి రోజులే బాగా గడవలేదు. గుక్కెడు నీళ్లకే ఛాతీ పట్టేసేది. రెండు చెంచాల మెత్తటి పప్పన్నం తిని వాంతి చేసుకున్న రోజు ధరణి బాత్రూంలో కూర్చుని ఎందుకు చేయించుకున్నానా అని ఏడ్చింది. తర్వాత జుట్టు రాలింది. దుకాణానికి వచ్చినవాళ్లు "షుగర్ వచ్చిందా ఏంది, గింత పీక్కపోయినవ్" అన్నారు. కానీ మెట్లు ఎక్కితే ఆయాసం రావడం లేదు. పగలు పని మధ్య కునుకు పట్టడం లేదు. ఆరునెలలు దాటాక మళ్లీ పరీక్ష చేసి, ఇక మిషన్ అక్కర్లేదన్నారు.

బాలమణి అప్పటికే ఊరికి వెళ్లిపోయింది. ఒకరోజు ఫోన్ చేసింది. "నాకు నిద్ర వట్టి యాడాదిన్నర దాటింది. మీ డాక్టరు నన్ను గూడ సూస్తడా?"

మరునాడే ధరణి కారు తీసుకుని వెళ్లింది. శామీర్‌పేట దాటాక బాలమణి రోడ్డు వైపే చూస్తూ అడిగింది.

"గా ఆపరేషన్ చేయించుకుంటె, వాడు గూడ బతుకుతుండెనా?"

ఏడాదిన్నరగా ఆ ఇంట్లో ఎవరూ నోటితో అనని మాట అది. కాదమ్మా, రాత అట్లా ఉంది అనడం సులువు. ధరణి నోటిదాకా వచ్చింది కూడా. కానీ తల్లి అది అడగడం లేదు.

"బతుకుతుండెనేమో అమ్మా" అంది. "మనం అందరం వద్దన్నం. నేను గూడ అన్న."

బాలమణి తలూపింది. చాలాసేపు తలూపుతూనే ఉంది. తర్వాత జైపాల్ గురించి చెప్పడం మొదలుపెట్టింది. పుట్టినప్పుడు ఎంత సన్నగా ఉన్నాడో, పాలు పట్టక ఎంత పరేషాన్ చేశాడో, చేతిలోకి తీసుకుంటే బరువే తెలిసేది కాదని. ఆసుపత్రి గేటు వచ్చేదాకా చెబుతూనే ఉంది. కారు ఆపాక కూడా, చెప్పడం పూర్తయ్యేదాకా ధరణి తలుపు తియ్యలేదు.