బస్టాపుకు ఇద్దరు మేనత్తలు

మల్లీశ్వరి హోటల్ ఏ ఊరిదో ఎవరూ తేల్చి చెప్పలేరు. కోడేరు దాటి సోమశిల దిక్కు పోయే రోడ్డు మీద ఒక చిన్న వాగు, వాగు మీద కల్వర్టు, కల్వర్టు పక్కన నాలుగు గుంజల పందిరి. అదే హోటల్. కడాయి పెట్టిన వైపు తుమ్మలగుట్ట పొలిమేర, చాయ్ పొయ్యి వైపు కానుగబావి పొలిమేర. మల్లీశ్వరి పుట్టింది తుమ్మలగుట్టలో, మెట్టింది కానుగబావిలో. అందుకని తన పెళ్లాం మిర్చీలు పుట్టింట్లో వేసి, చాయ్ అత్తగారింట్లో కాస్తుందని ఆమె మొగుడు శేఖర్ వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వుతుంటాడు.

ఈ మధ్య ఆ నవ్వు తగ్గింది. మిర్చీల రుచికి లోటు లేదు, లోటల్లా తినేవాళ్లకే. రెండూ చిన్న పల్లెలు. పొద్దంతా చేలల్లో ఉండి పొద్దుగూకే వేళ ఇటొచ్చే నలుగురితో ఏం గిరాకీ అవుతుంది? వనపర్తి నుంచి సోమశిలకు పోయే బస్సు మాత్రం రోజూ పందిరి ముందు నుంచే దుమ్ము లేపుకుంటూ పోతుంది. కిటికీల దగ్గర కూర్చున్నవాళ్లు మిర్చీ వాసనకు మెడలు తిప్పి మరీ చూస్తారు. బస్సు ఆగదు. వాసన వాళ్లకు, దుమ్ము మల్లీశ్వరికి.

"ఈ ఎండాకాలం దాక సూద్దాం. గిరాకీ కాకుంటే పందిరి పీకి పట్నం పోదాం. ఏదో కట్టుడు పని దొరుకుతది" అన్నాడు శేఖర్.

"పందిరి పీకుతవా? ముందుగాల నన్ను పీకు" అని మల్లీశ్వరి చెంగు బిగించి డిపో చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. పోయిన ప్రతిసారీ ఒక పొట్లం మిర్చీలు పట్టుకుపోయింది. డిపో సారు మిర్చీలు ముట్టలేదు గాని, ఆమె పట్టుదల చూసి చివరికి సరేనన్నాడు.

"సోమవారం నుంచి ఆపిస్తనమ్మా. గాని ఇంత దగ్గర్ల రెండూళ్లకు రెండు స్టాపులు కుదరదు. ఒక్కటే స్టాపు. డ్రైవర్‌కు దూరం నుంచి ఒక్కటే పేరు కనబడాలె. బోర్డు పాతుకోండ్రి. బోర్డు లేకుంటే మాత్రం బస్సు ఆగది."

బస్సు ఆగుతుందన్న మాట ఒక్కటే మల్లీశ్వరి చెవిలో పడింది. పేరు సంగతి ఇంటికి వచ్చాక గాని తలకెక్కలేదు.

ఆ సాయంత్రం పందిరి కింద రెండూళ్లూ కూడాయి. తుమ్మలగుట్ట తరఫున అనంతయ్య, కానుగబావి తరఫున తిరుపతయ్య ఎదురెదురు బల్లల మీద కూర్చున్నారు. ఇద్దరూ ఒకరినొకరు బావా అనుకుంటారు. అందువల్ల తిట్టుకోవడానికి వేరే సందర్భం అక్కర్లేదు.

"రెండు పేర్లు కలిపి రాస్తే అయిపాయె" అన్నాడు తిరుపతయ్య.

బోర్డులు రాసే ఉదయ్ కిరణ్ రేకు ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. "తుమ్మలగుట్ట కానుగబావి అని గంత పొడుగు రాస్తే, డ్రైవర్ సదివి బ్రేకు కొట్టేటాల్లకు సోమశిల వస్తది తాతా."

అయితే సగం ఆ ఊరిది, సగం ఈ ఊరిది తీసుకుందామన్నారు. అప్పుడు మొదలైంది అసలు జాతర. పడుచు పిల్లలు ఫోన్లు తీసి గ్రూపు పెట్టారు. తుమ్మకానుగ అని ఒకడు, గుట్టబావి అని ఒకడు, రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిపి తుకా అని ఇంకొకడు.

"తుకా ఏందిరా, కుక్కను పిలిచినట్టు?"

"గుట్టబావేంది? గుట్ట మీద బావి ఉన్నదా, బావిల గుట్ట ఉన్నదా? యాత్రికులు దిగి సూపియ్యమంటరు!"

వడపోయగా రెండే మిగిలాయి. తుమ్మలబావి, కానుగగుట్ట. తుమ్మలబావి అంటే తుమ్మలగుట్ట ముందు. కానుగగుట్ట అంటే కానుగబావి ముందు.

"మా ఊరు ముందుండాలె. మీ పెద్దలు బతకవచ్చినప్పుడు జాగ సూపిచ్చింది మావోళ్లే" అన్నాడు అనంతయ్య.

"జాగ సూపిచ్చిన్రు సరే, నీళ్లెవరు తాపిన్రు? ఆ బావి లేకుంటే మీ ఊర్ల మీసాలు తడుపుకొనీకి కూడ నీళ్లు లేకుండె. మేమే ముందు!"

రెండు రోజులు నేను ముందంటే నేను ముందని గొడవ. మూడో రోజు గద్వాల దిక్కు నుంచి వచ్చి తుమ్మలగుట్టలో స్థిరపడిన భీమమ్మ అవ్వ చాయ్ ఊదుకుంటూ అన్నది: "ముందుంటే ఏం గొప్పరా? ఇంటిపేరు ముందుంటది, అసలు పేరు ఎనకుంటది. మనిషిని పిలిచేది ఏ పేరుతోని? ఎనక పేరుతోనే గద."

 అనంతయ్య తల గోక్కున్నాడు. తిరుపతయ్య మీసం దువ్వాడు. ఇద్దరూ చాయ్ సగంలో వదిలి ఇళ్లకు పోయారు.

తెల్లవారి వచ్చి, "బావా, నువ్వు పెద్దోనివి. మీ ఊరే ముందుండనీ" అన్నాడు తిరుపతయ్య మహా మర్యాదగా.

"అబ్బెబ్బే, అట్లెట్లయితది? మాకు నీళ్లు తాపినోళ్లు. మీరే ముందుండుండ్రి" అన్నాడు అనంతయ్య.

"లేదు, మీరే ముందు!"

"కాదు, మీరే!"

ఇద్దరూ మళ్లీ చొక్కా గల్లాలు పట్టుకున్నారు. మొన్నటిదాకా ముందుకు తోసుకున్నవాళ్లు ఇప్పుడు ఒకరినొకరు ముందుకు తోస్తున్నారు. శేఖర్ నవ్వలేక నేల మీద కూలబడ్డాడు. మల్లీశ్వరికి మాత్రం నవ్వు రాలేదు. రేపే సోమవారం. పైగా వీళ్ల మర్యాదలో తన మిర్చీలు కూడా ఇరుక్కున్నాయి.

"బిడ్డా, నువ్వు మా ఊరి ఆడిబిడ్డవు. కానుగగుట్టే మంచిగున్నదని చెప్పు. లేకుంటే మావోళ్లు నీ పందిరి తొక్కరు" అన్నాడు అనంతయ్య.

"కోడలా, ఎవరి కంచంల తింటున్నవో యాది పెట్టుకో. తుమ్మలబావి అను. లేకుంటే నీ చాయ్ నువ్వే తాగాలె" అన్నాడు తిరుపతయ్య.

మల్లీశ్వరి జల్లిగంటె పక్కన పెట్టి భీమమ్మ వైపు తిరిగింది. "అవ్వా, ముందూ ఎనకా అని అగ్గి పెట్టింది నువ్వే. ఆర్పేది గూడ నువ్వే చెప్పు."

భీమమ్మ బోసినోటితో నవ్వింది. "మా దిక్కు పిల్లకు పేరు పెట్టే హక్కు మేనత్తది. తొట్టెలల ఏసి, మేనత్త చెవుల పేరు చెప్తది. చెప్పంగనే అందరు ఆమె వీపు మీద దబదబ గుద్దుతరు. గుద్దులు పడ్డంక ఆ పేరు ఎవ్వడు మార్చొద్దు."

అందరికీ నచ్చింది. గుద్దులు ఉన్నాయి కాబట్టి పిల్లలకు మరీ నచ్చింది.

"అయితే మేనత్త మా ఊరిదే కావాలె. మేనత్త అంటే తండ్రి తోడబుట్టింది గద. మేము మొగపెండ్లోళ్లం" అన్నాడు తిరుపతయ్య.

"ఎవరు మొగపెండ్లోళ్లు? నీ మొహం! మేము మొగపెండ్లోళ్లం, మీరు ఆడపెండ్లోళ్లు!"

మళ్లీ బల్లలు కదిలాయి. అప్పుడు మల్లీశ్వరి కడాయి మీద గంటెతో టంగుమని కొట్టింది.

"పెద్దనాయనా, మామా, ఇద్దరూ ఇనుండ్రి. నా పెండ్లి, పుష్పమ్మ వదినె పెండ్లి ఒక్క పందిట్ల అయినయి. కుండమార్పు. మా ఇంట్ల కెల్లి నన్ను ఇచ్చిన్రు, మా అన్నకు వదినెను తెచ్చుకున్నరు. ఆ పందిట్ల మొగపెండ్లోళ్లు ఎవరుండిరి?"

"మేమే" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"ఆడపెండ్లోళ్లు?"

ఇద్దరి వేళ్లూ ఒకేసారి ఎదుటివాళ్ల వైపు లేచాయి. ఆ పెళ్లి రోజు రెండు వైపులా అందరూ అలిగారు, రెండు వైపులా అందరూ బతిమాలారు. కాళ్లు కడిగే నీళ్లు సరిపోక వాగుకు బిందెలతో ఉరికారు.

"ఇద్దరు మొగపెండ్లోళ్లయినప్పుడు మేనత్తలు గూడ ఇద్దరే. నేను ఒకదాన్ని, వదినె ఒకతి. ఇద్దరం కలిసి పెడతం. మేము పెట్టిందే పేరు."

రెండూళ్లూ తలలూపాయి. ఎవరి లెక్కలు వాళ్లు వేసుకుంటూనే ఊపాయి.

పుష్పమ్మ పుట్టింది కానుగబావిలో, ఇప్పుడుండేది తుమ్మలగుట్టలో. అంటే అన్ని విధాలా మల్లీశ్వరికి తలకిందులు. ఆ సాయంత్రం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తూ ఒప్పందం చేసుకున్నారు.

"తుమ్మలబావి అందాం వదినా. పలుకుతాంటే నోటికి అల్కగున్నది" అన్నది పుష్పమ్మ.

"సరె. ఇద్దరం ఒక్కటే అందాం. మాట తప్పొద్దు."

"తప్పితే నా మిర్చీలు నువ్వు తిను."

సోమవారం పొద్దున కల్వర్టు మీద కాలు పెట్టే జాగ లేదు. ఒక ఊరి నుంచి డప్పులొచ్చాయి, ఇంకో ఊరి నుంచి అంతకంటే పెద్ద డప్పులొచ్చాయి. పుష్పమ్మ పెళ్లినాటి గద్వాల చీరను పందిరి గుంజలకు తొట్టెలగా కట్టారు. అందులో పసుపు రంగు పూసిన రేకు బోర్డు. భీమమ్మ దానికి దిష్టిచుక్క కూడా పెట్టింది. ఉదయ్ కిరణ్ కుంచె తడిపి నిలబడ్డాడు. గుద్దడానికి పిల్లలు వరుసలో నిలబడి పిడికిళ్లు ఊదుకుంటున్నారు.

ఇద్దరు మేనత్తలూ తొట్టెలకు అటూ ఇటూ వంగారు. మల్లీశ్వరి తలెత్తి చూస్తే పుష్పమ్మ వెనకాల ఆమె అత్త నిలబడి ఉంది. అంటే తన కన్నతల్లే. తన తల్లి సంగతి తనకు తెలియనిదా! తుమ్మలబావి అన్నదంటే, 'పుట్టిన ఊరిని ఎనకకు ఎక్కిచ్చుకున్నది' అని పాపం వదినెను కార్తీకం దాకా సాధిస్తుంది. మల్లీశ్వరికి జాలి పొంగుకొచ్చింది. మాట తప్పితే తప్పింది, ఆ పేరు ఒక్కటే నిలవకుండా చేస్తే వదినె బతికిపోతుంది అనుకున్నది.

"ఊఁ, చెప్పుండ్రి!" అన్నది భీమమ్మ.

"తుమ్మలబావి!" అన్నది పుష్పమ్మ.

"కానుగగుట్ట!" అన్నది మల్లీశ్వరి.

పిల్లలకు తేడా ఏం తెలుసు? దబదబమని ఇద్దరి వీపుల మీదా వానలా పడ్డాయి. డప్పులు మోగాయి. గుద్దులు తింటూనే ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏందే వదినా గిట్ల జేస్తివి!"

"నీకోసమే జేసిన, నోరు మూసుకో!"

"రెండు పేర్లెట్లయితయి?" అని ఒక ఊరు, "గుద్దులు పడ్డయి, ఇగ మారది!" అని ఇంకో ఊరు అరుస్తుండగా, కోడేరు దిక్కు నుంచి హారన్ వినిపించింది. బస్సు వచ్చింది. రోడ్డంతా జనమే కాబట్టి బోర్డు లేకున్నా ఆగక తప్పలేదు. కండక్టర్ తేజస్విని దిగి, నడుము మీద చేతులు పెట్టుకుని చూసింది.

"బోర్డేదీ?"

"తొట్టెలల పండుకున్నది మేడం" అన్నాడు శేఖర్.

"లేపుండ్రి జల్ది. నేను చాయ్ తాగేదాక టైమిస్త. అప్పటిదాక బోర్డు నిలబడకుంటే రేపటి నుంచి ఆపం."

మల్లీశ్వరి ఒక చేత్తో చాయ్ పోసి ఇచ్చింది, కావాలనే సలసల కాగేది ఇచ్చింది. ఇంకో చేత్తో తొట్టెలలో నుంచి బోర్డు తీసింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. రెండు పక్కలా పసుపే. ఆమె ముఖం విప్పారింది.

"ఉదయ్, ఈ పక్క తుమ్మలబావి రాయి. ఆ పక్క కానుగగుట్ట రాయి. ఉరుకు!"

"ఒక్కటే పేరు ఉండాలని సారు చెప్పిండు గద?" అన్నది తేజస్విని, చాయ్ ఊదుతూ.

"డ్రైవరన్నకు ఒక్కటే కనబడాలన్నడు మేడం. పోయేటప్పుడు ఒకటి కనబడతది, వచ్చేటప్పుడు ఒకటి. రెండు ఒక్కపారే కనబడితే నన్నడుగు."

డ్రైవర్ నోట్లో మిర్చీతోనే వెళ్లి, తడి బోర్డు ముందు నిలబడి చూశాడు. చుట్టూ తిరిగి వెనక నిలబడి చూశాడు. అనుమానం తీరక పక్క నుంచి కూడా చూశాడు. "ఎటు దిక్కు నుంచి సూసినా ఒక్కటే కనబడతది మేడం."

"రెండూళ్లు పిల్లలనే మార్చుకున్నయి. సగం సగం పేరు మార్చుకొనీకి ఏం కష్టం?" అన్నది మల్లీశ్వరి జనం వైపు తిరిగి. "పోయేటప్పుడు మీరు ముందు, వచ్చేటప్పుడు వాళ్లు ముందు. ఇద్దరూ ఎనకనే, ఇద్దరూ ముందే. ఇగ చాలునా?"

అనంతయ్య, తిరుపతయ్య మొహాలు చూసుకున్నారు. "బావా, పోయేటిది గొప్పనా, వచ్చేటిది గొప్పనా?" అని తిరుపతయ్య నోరు తెరిచాడో లేదో మల్లీశ్వరి జల్లిగంటె ఎత్తింది.

"ఇంకొక్క మాట మాట్లాడినోనికి సచ్చేదాక మిర్చీ లేదు!"

"నేనేమన్న అంటినా? బోర్డు పాతుండ్రిరా!" అన్నాడు అనంతయ్య.

తేజస్విని నవ్వు ఆపుకోలేక చాయ్ ఒలకబోసుకుంది. "సారుకు నేను చెప్పుకుంట తియ్యి. ఆ నాలుగు మిర్చీలు పొట్లం కట్టమ్మా."

బోర్డు నిలబడగానే చప్పట్లు, ఈలలు. ఇదే అదనని మల్లీశ్వరి కడాయి నిండా మిర్చీలు వదిలింది. బంగారు రంగు తిరిగాక, జల్లిగంటెతో ఎత్తి బుట్టలో పోసి తల తిప్పేసరికి పందిరి కింద ఒక్క నరపురుగు లేదు. బల్లలు ఖాళీ. రెండూళ్ల జనం, డప్పులతో సహా, బస్సులోకి ఎక్కుతున్నారు. మొదటి రోజు స్టాపు నుంచి ఎక్కకపోతే ఎట్ల, వచ్చేటప్పుడు ఆ పక్క పేరు చూడకపోతే ఎట్ల? సోమశిల దాకా పోయి రావలసిందేనట. ఆడవాళ్లకు టికెట్టు లేనే లేదు. భీమమ్మ అవ్వ అప్పుడే కిటికీ సీటు పట్టుకుని కూర్చుంది.

"వదినా, రావా?" పుష్పమ్మ మెట్ల మీద నుంచి పిలిచింది.

మల్లీశ్వరి బస్సును చూసింది, ఖాళీ బల్లలను చూసింది, బుట్టను చూసింది. ఇన్నాళ్లూ ఆగమని మొక్కిన బస్సు ఆగనే ఆగింది, ఉన్న గిరాకీనంతా ఎత్తుకుని పోతోంది!

"ఓ డ్రైవరన్నా, ఆగు!" అని అరిచి, కడాయి శేఖర్‌కు అప్పజెప్పి, బుట్ట నెత్తిన పెట్టుకుని ఉరికింది. అందరూ ఆమెను లోపలికి గుంజుకున్నారు. బస్సు కదిలింది. కల్వర్టు దాటకముందే లోపల నుంచి ఆమె గొంతు డప్పులను మించి మోగింది:

"మిర్చీలు, వేడి వేడి మిర్చీలు! అనంతయ్య పెద్దనాయనా, ముందున్నోళ్లకు ముందు ఇస్త!"

"నేను ముందున్న!" అన్నాడు అనంతయ్య.

"నేను నీకంటే ముందున్న!" అన్నాడు తిరుపతయ్య, సీటు దూకుతూ.