తెరమీది ఊపిరి

ఉచ్చలో నెత్తురు పడినప్పటి నుంచి ఉరుకుందప్పకు ఒకటే గుబులు. అది రాయా, గడ్డా? పత్తికొండ టమాటా మార్కెట్టంతా దద్దరిల్లేలా అరిచే మనిషి, ఈ సంగతి మాత్రం చాన్నాళ్లు పెళ్లానికి కూడా చెప్పలేదు.

చివరికి కర్నూలు ఆసుపత్రిలో చేరాడు. అది రెండువేల నాలుగో సంవత్సరం. అక్కడికి కెమెరా మిషను కొత్తగా వచ్చింది. నడుముకు సూది వేసి, కింది సగం మొద్దుబారాక, కుర్ర డాక్టరు దావీదురాజు సన్నని గొట్టం ఉచ్చదారి గుండా లోపలికి పంపాడు. గొట్టానికున్న కెమెరా చూసేదంతా పక్కనున్న టీవీలో కనబడుతోంది. తన లోపలిని తానే చూసుకోవడం ఉరుకుందప్పకు సిగ్గుగానూ ఉంది, వింతగానూ ఉంది.

“అదో, రాయి. గడ్డా లేదు, గిడ్డా లేదు పెద్దాయనా,” అన్నాడు డాక్టరు. రాయిని పొడి చేసి తీసేశాడు. గొట్టం బయటికి లాగి పళ్లెంలో పెట్టాడు.

టీవీలో బొమ్మ పోలేదు.

ఒంటి లోపలి ఎర్రటి గోడ. దాన్ని అంటుకుని ఒక చిన్న గడ్డ. మిషను మొరాయించిందనుకుని నర్సు హులిగెమ్మ కెమెరా తీగ పీకేసింది. అయినా బొమ్మ ఉంది. పైగా ఆ గోడ ఊపిరి తీస్తున్నట్టు మెల్లగా కదులుతోంది.

ఉరుకుందప్ప తల ఎత్తి చూశాడు. “గడ్డ లేదంటివి కదా సారూ! మళ్ల అదేందప్పా?”

“మీ లోపలంతా చూసినా పెద్దాయనా. యాడా ఏమీ లేదు.”

ఉరుకుందప్ప ఊపిరి బిగబట్టాడు. తనదైతే ఆగాలి కదా. గోడ ఆగలేదు. బతికిపోయాననుకున్నాడు. అంత సంతోషం ఆయనకు ఈమధ్య కలగలేదు.

అంతలో డాక్టరు దగ్గాడు. టీవీలో గోడ అదిరింది. మళ్లీ దగ్గాడు. మళ్లీ అదిరింది.

చెప్పకపోతే తనకేం పోయింది? పని అయిపోయింది, ఇంటికి పోవచ్చు. కానీ మాస్కు పైన ఆ కుర్రవాడి కళ్లు చూశాక నోరు ఊరుకోలేదు.

“సారూ, నువ్వొకసారి ఊపిరి బిగబట్టు.”

“మత్తు తలకెక్కినట్టుండాది మీకు,” అని నవ్వి, సరదాకే బిగబట్టాడు డాక్టరు.

గోడ ఆగిపోయింది.

హులిగెమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. డాక్టరు చూపు టీవీ మీదనుంచి కదలదు. నుదురు కందిపోతోంది, నరాలు ఉబ్బుతున్నాయి, అయినా ఊపిరి వదలడు. వదిలితే గోడ కదులుతుంది.

ఉరుకుందప్ప బల్ల మీదనుంచే పక్కకు ఒరిగాడు. చెయ్యి చాచి ఆ కుర్రవాడి మోచెయ్యి పట్టుకున్నాడు.

“ఇడువు నాయనా, ఇడువు. గడ్డ ఇంగా శానా చిన్నగా ఉండాది.”